ట్యాంకు కడిగిన మర్నాడే చేపలు చచ్చిపోతున్నాయి, ఎందుకు?

నాగావళి_గట్టు · మే 4, రాత్రి 9:52

నమస్కారం అండీ. కొత్తగా చేరాను, ఎక్కడ ఏది రాయాలో తెలీక ఇక్కడ రాస్తున్నాను. మాది శ్రీకాకుళం, బలగ. మార్చిలో మా గుంటడి పుట్టినరోజుకు రెండడుగుల గాజు ట్యాంకు కొన్నాం, యాభై లీటర్లు పడుతుంది. లోపల పెట్టే చిన్న మోటారు ఫిల్టరు, రంగు రాళ్ళు, ఒక ప్లాస్టిక్ కోట, ఆరు గోల్డ్‌ఫిష్‌లు. ఆరింటిలో మూడు పోయాయి. అవి కూడా ఎప్పుడు పోతున్నాయంటే, నేను నడుం విరిగేలా ట్యాంకు మొత్తం కడిగిన మర్నాడు. మూడుసార్లూ అంతే. పదిహేను రోజులకోసారి ఆదివారం చేపల్ని బకెట్లోకి తీసి, నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళు ఏడెనిమిది సార్లు కడిగి, ఫిల్టర్లో స్పాంజిని తెల్లగా అయ్యేదాకా కుళాయి కింద పిండి, కొత్త నీళ్ళు పోస్తాను. సాయంత్రానికి ట్యాంకు అద్దంలా ఉంటుంది. సోమవారం పొద్దున్నకి ఒకటి పక్కకు ఒరిగిపోయి ఉంటుంది, మిగిలినవి పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటాయి, మొప్పలు కందిపోయి ఎర్రగా.

కొన్న షాపులో అడిగితే నీళ్ళు ఇంకా తరచుగా మార్చమన్నారు, నీలం మందు ఒక సీసా ఇచ్చారు. ఈసారి పోయింది మావాడు పేరు పెట్టుకున్న చేప. వేసవి సెలవులు, వాడు ఇంట్లోనే ఉన్నాడు, దాచి కొత్తది తెచ్చి వేద్దామన్నా కుదరలేదు. కడగకపోతే మురికి, కడిగితే చావు. ఏం చెయ్యమంటారు?

ఆమదాలవలస_ప్యాసింజర్ · మే 4, రాత్రి 10:07

శుభ్రత పడని జీవులు కొన్ని ఉంటాయి గురూ. మా బావమరిది ఒకడు.

మూడు_లాంతర్లు · మే 4, రాత్రి 10:41

బాబూ, నీ అనుమానం సరైనదే. విజయనగరంలో ముప్పై ఏళ్ళు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను, అంతకంటే ఎక్కువ ఏళ్ళుగా చేపలు పెంచుతున్నాను, కాబట్టి పొడుగ్గా రాస్తే విసుక్కోకు.

చేప రెట్టలో కంటే మొప్పల నుంచే ఎక్కువ అమ్మోనియా వదులుతుంది. అంటే బతికున్నంతసేపూ వదులుతూనే ఉంటుంది. దానికి తోడు తినకుండా మిగిలిన మేత, రెట్ట కుళ్ళితే అదీ అమ్మోనియాయే అవుతుంది. దానికి రంగు లేదు, ట్యాంకులో ఉండే మోతాదుకు మన ముక్కుకు వాసనా తెలీదు. అద్దంలా ఉన్న నీళ్ళలోనే చేప మొప్పలు కాలిపోతుంటాయి.

ఈ అమ్మోనియాను తిని బతికే బ్యాక్టీరియా ఉంది. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, దాన్ని చేపలు చాలావరకు ఓర్చుకుంటాయి, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ రెండు రకాలూ నీళ్ళలో పెద్దగా తిరగవు, ఎక్కడో ఒకచోట అంటుకుని పెరుగుతాయి. రాళ్ళకు, అద్దానికి, అన్నిటికన్నా ఎక్కువగా స్పాంజికి. నువ్వు మురికి అనుకుని పిండి పారేసిన ఆ గోధుమరంగు జిగురులో ఉన్నది అవే. ఒక్కోసారి కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది, క్రిములను చంపడానికే కదా అది కలిపేది, పిండగా మిగిలినవాటి సంగతి అది చూసుకుంటుంది. అవి మళ్ళీ నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. నువ్వు రెండు వారాలకోసారి మొదటికి తెస్తున్నావు. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ అయ్యుంటుంది, అదీ ఈ బ్యాక్టీరియాను దెబ్బతీసేదే, ఇక ట్యాంకులో వెయ్యకు.

ముందు ఇవి చెప్పు: పోసేది కుళాయి నీళ్ళా, బోరు నీళ్ళా? మేత రోజుకు ఎన్నిసార్లు? అమ్మోనియాకు, పీహెచ్‌కు టెస్ట్ కిట్ తెప్పించు. పీహెచ్ అంటే నీళ్ళలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కిట్ లేకుండా ఇక్కడ ఎవరు ఎన్ని చెప్పినా చీకట్లో బాణాలే.

నాగావళి_గట్టు · మే 4, రాత్రి 11:15

మేస్టారూ, చాలా థాంక్స్. స్పాంజి తెల్లగా వచ్చిందని మా ఆవిడకు చూపించి మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాను, ఇప్పుడేం చెప్పాలో తెలీడం లేదు. ట్యాంకులో పోసేది బోరు నీళ్ళు. కడగడం మాత్రం కుళాయి నీళ్ళతో, ఎందుకంటే మా బోరు నీళ్ళకు తెల్లటి చార పడుతుంది. మేత అమ్మ పొద్దున్న పూజ అయ్యాక వేస్తుంది, నేను ఆఫీసు నుంచి వచ్చాక వేస్తాను, మావాడు ఎన్నిసార్లు వేస్తాడో లెక్క లేదు. కిట్ ఆర్డర్ పెట్టాను.

బొబ్బిలి_గుంటడు · మే 5, ఉదయం 7:30

ఇదంతా అనవసరమైన హైరానా. మా ఇంట్లో పదేళ్ళుగా ట్యాంకు ఉంది, ఫిల్టరే లేదు, ఏ టెస్టూ చేసిన పాపాన పోలేదు. అడుగున మట్టి, నిండా మొక్కలు, పైన మనీ ప్లాంట్ తీగ వేళ్ళు నీళ్ళలోకి వదిలాను, ఎనిమిదో పదో గప్పీలు. ఆవిరైన మేరకు నీళ్ళు పోయడమే నా పని. కంపెనీలు భయపెట్టి కిట్లు అమ్ముకుంటున్నాయి.

జీడితోట · మే 5, ఉదయం 8:12

తమ్ముడూ, మీ ట్యాంకులో అమ్మోనియాను మొక్కలు తింటున్నాయి, మీ గప్పీలన్నీ కలిపినా ఒక గోల్డ్‌ఫిష్ బరువు తూగవు. ఆయనకు ఆరు గోల్డ్‌ఫిష్‌లు, ప్లాస్టిక్ కోట. ఆ కోట ఏం తింటుంది? నిజం మొక్కలు వేసినా గోల్డ్‌ఫిష్ వాటిని బతకనివ్వదు, మనం తోటకూర తిన్నట్టు తినేస్తుంది.

నాగావళి గారూ, ఒకటి అడుగుతాను. రాత్రిపూట ఫిల్టరు ఆపుతారా? మా పలాస వైపు తిత్లీ తుపాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరు 11, కరెంటు రోజుల తరబడి లేదు. జీడి, కొబ్బరి చెట్లు పడిపోయి ఉంటే చేపల గురించి ఏడవడం సిగ్గుగా ఉండేది కానీ నా ట్యాంకు నాదే కదా. ఫిల్టరు ఆగితే లోపల ఇరుక్కున్న నీళ్ళలో ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే అయిపోతుంది, అక్కడి బ్యాక్టీరియా ఊపిరాడక చావడం మొదలవుతుంది. నేను స్పాంజి బయటికి తీసి ట్యాంకు నీళ్ళున్న పళ్ళెంలో గాలి తగిలేలా పెట్టాను, చెంబుతో నీళ్ళు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ ట్యాంకులోనే పోసేదాన్ని, గంటకోసారి. మేత పూర్తిగా బంద్. చాలావరకు బతికాయి. అందుకే అడుగుతున్నాను.

నాగావళి_గట్టు · మే 5, ఉదయం 8:40

లేదక్కా, ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లోనే ఉంటుంది. నేనే చూస్తాను.

గాజుపెట్టె · మే 5, మధ్యాహ్నం 2:25

నేను విజయనగరంలో చేపల షాపు నడుపుతాను. షాపువాళ్ళందరినీ ఒకే గాటన కట్టకండి అని మొదటే చెప్పుకుంటున్నాను. రెండడుగుల ట్యాంకుకు రెండు గోల్డ్‌ఫిష్‌లు కూడా ఎక్కువే, పెద్దయ్యాక సరిపోదు అని చెబితే కస్టమర్ నా మొహం చూసి పక్క షాపుకు వెళ్ళి ఆరు కొనుక్కుంటాడు. చెప్పడం మానేసిన రోజులూ ఉన్నాయి, అబద్ధమెందుకు.

కానీ ఒక మాట కొత్తవాళ్ళకు పనికొస్తుంది. మాకు చేపలు కలకత్తా నుంచో మద్రాసు కొళత్తూరు నుంచో ఆక్సిజన్ నింపిన కవర్లలో వస్తాయి. ఒక రాత్రీ పగలూ ఆ కవర్లోనే వదిలిన అమ్మోనియా అంతా అందులోనే ఉంటుంది. చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ దిగి ఉంటుంది కాబట్టి ఆ అమ్మోనియా అంతగా కరవదు. కవరు విప్పామా, ఆ గ్యాస్ పోయి పీహెచ్ ఎక్కుతుంది, అదే అమ్మోనియా ఒక్కసారిగా విషం అవుతుంది. అందుకే కవరు విప్పి, కొంచెం కొంచెం ట్యాంకు నీళ్ళు కలుపుతూ గంటసేపు కూర్చోవడం దూరం నుంచి వచ్చిన చేపకు మంచిది కాదు. కవరు కట్టు విప్పకుండానే పావుగంట నీళ్ళలో తేలనిచ్చి, విప్పి, చేపను చిన్న వలతో పట్టి వదిలేయాలి, కవర్ నీళ్ళు పారబోయాలి. షాపు నుంచి పది నిమిషాల్లో ఇంటికి తీసుకెళ్ళే చేపకు ఈ గొడవ లేదు.

నాగావళి_గట్టు · మే 7, రాత్రి 8:05

కిట్ వచ్చింది. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేశాను. ఐదు నిమిషాలు ఆగమన్నారు. రెండో నిమిషానికే పసుపు కాస్తా గోరింటాకు రుబ్బినప్పటి రంగులోకి వెళ్ళిపోయింది. కార్డు పక్కన పెట్టి చూస్తే 4 పీపీఎం, అంటే లీటరుకు నాలుగు మిల్లీగ్రాములు. పీహెచ్ 8 దాటింది. నీళ్ళలో వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నాయి, ఎండ అలా ఉంది. మేస్టారూ, టెన్షన్‌గా ఉంది. మళ్ళీ అన్నీ మార్చేయమంటారా?

మూడు_లాంతర్లు · మే 7, రాత్రి 8:22

అన్నీ వద్దు. ఇప్పుడే సగం మార్చు. బోరు నీళ్ళయితే బకెట్లో పట్టి గంటసేపు గాలి మోటారుకు తగిలించే బుడగల రాయి వేసి ఉంచు, భూమిలోంచి అప్పుడే వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వెయ్యాలి. షాపుల్లో అమ్మేది సోడియం థయోసల్ఫేట్, పాత ఫోటో స్టూడియోల్లో హైపో అనేవారు, అదే. రాళ్ళు కదపకు, స్పాంజి జోలికి పోకు. రేపు మళ్ళీ సగం. నాలుగు రెండవుతుంది, రెండు ఒకటవుతుంది, మధ్యలో చేపలు వదిలేది కలుస్తుంది కాబట్టి లెక్క అంత శుభ్రంగా రాదు, అయినా దిగుతుంది. మూడు రోజులు మేత పూర్తిగా బంద్. గోల్డ్‌ఫిష్ వారం పస్తున్నా చావదు.

పీహెచ్ ఎందుకు అడిగానో చెబుతాను. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అనే రూపం చేపను పెద్దగా ఏమీ చెయ్యదు, విడి అమ్మోనియా మొప్పల్లోంచి లోపలికి దూసుకుపోతుంది. నీ కిట్ రెండూ కలిపి చూపిస్తుంది. నీళ్ళు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే వందలో ఒక వంతు కూడా విడి అమ్మోనియా ఉండదు. 8 అయితే ఏడెనిమిది వంతులు. 9 అయితే సగానికి కొంచెం తక్కువ. అదే 4 పీపీఎం, ఒక ఇంట్లో చేప నీరసపడుతుంది, ఇంకో ఇంట్లో తెల్లారేసరికి తేలుతుంది. మన ఎండలు, బోరు నీళ్ళు కలిస్తే ఎటు మొగ్గుతుందో చూసుకో.

నాగావళి_గట్టు · మే 9, ఉదయం 6:50

రెండు రోజులు సగం సగం మార్చాను. రాత్రి 1 చూపిస్తే సంతోషంగా పడుకున్నాను. పొద్దున్న చూస్తే 2. మేత వెయ్యలేదు, మావాడి చేతికి డబ్బా అందకుండా బీరువా మీద పెట్టాను. ఎక్కడినుంచి వస్తోంది?

ఆమదాలవలస_ప్యాసింజర్ · మే 9, ఉదయం 7:02

ఆ ప్లాస్టిక్ కోట ఎత్తి చూశావా? మావాడి ట్యాంకులో అలాంటి బొమ్మ వెనకాల ఒక నత్త చచ్చి వారం పడుంది. ఇది జోకు కాదు.

నాగావళి_గట్టు · మే 9, ఉదయం 7:20

ఎత్తాను. ఏమీ లేదు.

నాగావళి_గట్టు · మే 10, రాత్రి 1:48

జీడితోట అక్కా, క్షమించాలి. ఉక్కకు మెలకువ వచ్చి మంచినీళ్ళ కోసం లేచాను. హాల్లో ఏదో తేడాగా అనిపించింది. మోత లేదు. వీధి లైటు వెలుతురులో మూడు చేపలూ నీళ్ళ పైకి నిలువుగా లేచి నోళ్ళు కొట్టుకుంటున్నాయి, తుప్ తుప్ మని చిన్న చప్పుడు. ఫిల్టర్ స్విచ్ ఆఫ్‌లో ఉంది. అమ్మ లేచి వచ్చింది. ఏమైందమ్మా అంటే, రాత్రంతా ఆ గుర్రు మోతకు చేపలకు మాత్రం నిద్ర వద్దా, కరెంటు కూడా దండగ, నేను రోజూ పదింటికి ఆపి తెల్లారగట్ల నాలుగున్నరకు వేస్తున్నాను కదా అంది. రెండు నెలలుగా. నేను లేచేది ఆరింటికి.

కోపం రాలేదు. వాటి నిద్ర గురించి ఆలోచించిన మనిషి ఇంట్లో ఆవిడ ఒక్కర్తే.

జీడితోట · మే 10, ఉదయం 6:15

అయ్యో, క్షమించడానికి ఏముంది. మా ఇంట్లో మా మామగారు చేసేవారు అదే పని, అందుకే అడిగాను. రాత్రి ఆరున్నర గంటలు ఆగితే స్పాంజిలో కొత్తగా మొలుస్తున్న బ్యాక్టీరియా ఎంతోకొంత రోజూ చచ్చిపోతుంది, తెల్లారగట్ల స్విచ్ వెయ్యగానే ఆ కుళ్ళు నీళ్ళే ట్యాంకులోకి వస్తాయి. మీ పొద్దున్న రీడింగ్ ఎక్కడిదో తెలిసింది కదా. అమ్మగారికి కరెంటు లెక్క చెప్పండి. మోటారు మీద ఎన్ని వాట్లని రాసుంది?

నాగావళి_గట్టు · మే 10, ఉదయం 6:40

5 వాట్లు. లెక్కేశాను. నెలంతా ఆపకుండా తిరిగినా 3.6 యూనిట్లు. అమ్మ మిక్సీ తిప్పినదానికంటే తక్కువ అన్నాను, నా మిక్సీ జోలికి రాకు అంది.

రొయ్యల_తమ్ముడు · మే 11, రాత్రి 9:10

అన్నా, నేను పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియన్‌ని. మాకు అమ్మోనియా అంటే రోజువారీ గొడవ. తాత్కాలికంగా దింపాలంటే జియోలైట్ రాళ్ళు ఒక గుప్పెడు, బాగా కడిగి, పల్చటి గుడ్డలో మూట కట్టి ఫిల్టరు నీళ్ళు పడేచోట వేలాడదీయండి. అది అమ్మోనియంను లాక్కుని పట్టి ఉంచుతుంది. బ్యాక్టీరియా పెరిగేదాకా చేపలు బతకాలి కదా.

నాగావళి_గట్టు · మే 13, రాత్రి 8:30

తమ్ముడూ, జియోలైట్ పనిచేసింది. నిన్న సాయంత్రం వేశాను, ఇవాళ 0.25. లేత ఆకుపచ్చ కూడా కాదు, నిమ్మకాయ రంగు. మేత కూడా చిటికెడు మొదలుపెట్టాను.

నాగావళి_గట్టు · మే 14, రాత్రి 9:15

ఇదేం ఖర్మ. మళ్ళీ 2. ఫిల్టరు ఆగలేదు, అమ్మ మీద ఒట్టు. మేత చిటికెడే. ఈరోజు చేసిన కొత్త పని ఒక్కటే, మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నాయని పక్కింటాయన చెబితే గుప్పెడు కళ్ళుప్పు వేశాను, చేపలకు ఉప్పు మంచిదని అందరూ అంటారుగా.

మూడు_లాంతర్లు · మే 14, రాత్రి 9:34

ఉప్పు మంచిదే, జియోలైట్ లేనప్పుడు. ఆ రాయి అమ్మోనియంను పట్టుకుని బదులుగా తన దగ్గరున్న సోడియంను వదులుతుంది. నువ్వు నీళ్ళలో సోడియం గుమ్మరిస్తే బేరం తిరగబడుతుంది, ఉప్పులోని సోడియంను పట్టుకుని అమ్మోనియంను వదిలేస్తుంది. వాడేసిన జియోలైట్‌ను మళ్ళీ పనికొచ్చేలా చెయ్యడానికి ఉప్పునీళ్ళలోనే నానబెడతారు, ఆ పని నువ్వు చేపల మధ్యలో చేశావు. మూట తీసెయ్యి, సగం నీళ్ళు మార్చు.

రొయ్యల_తమ్ముడు · మే 14, రాత్రి 9:50

నాదే తప్పు, ఆ మాట ముందే చెప్పాల్సింది. నిజానికి మా చెరువులవి ఉప్పునీళ్ళే. వాటిలో జియోలైట్ మంచినీళ్ళలో లాగినంత లాగదు, అయినా బస్తాలకు బస్తాలు చల్లుతూనే ఉంటారు, వద్దంటే రైతు నన్నే అనుమానంగా చూస్తాడు. మాకు అసలు పని చేసేవి నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు, మేత తగ్గించడం. రెండూ ఉచితం కావు కానీ రెండూ అబద్ధం కావు.

ఆమదాలవలస_ప్యాసింజర్ · మే 15, ఉదయం 6:30

నాగావళి బ్రదర్, జోకులు పక్కన పెడుతున్నాను. నా దగ్గర మూడేళ్ళుగా తిరుగుతున్న స్పాంజి ఫిల్టర్లు రెండున్నాయి, ఈ ఏడాదిలో చేపకు ఏ జబ్బూ రాలేదు. ఒకటి సగానికి కోసి ఇస్తాను. బ్యాక్టీరియా మొదటి నుంచి పెరిగేదాకా ఎదురుచూడటమెందుకు, పెరిగినదాన్నే పట్టుకుపో. మీ ఊరి నుంచి మా స్టేషను దగ్గరకు అరగంట. మూతున్న డబ్బా తీసుకురా, అందులో నా ట్యాంకు నీళ్ళు పోసి ఇస్తాను. దారిలో టీకి ఆగకు, ఎండలో బండి డిక్కీలో ఉడికిపోతుంది.

నాగావళి_గట్టు · మే 15, రాత్రి 8:55

తెచ్చాను. అన్న చెప్పినట్టు మన స్పాంజి పక్కనే ఇరికించాను. అది చూడటానికి గోదారి వరద నీళ్ళలో ముంచి తీసినట్టుంది, రెండు వారాల కిందటైతే అసహ్యపడి పారేసేవాణ్ణి. ఆయన టీకి ఆగొద్దన్నారు కానీ వాళ్ళావిడ ఊరుకోలేదు, ఉప్మా పెట్టి పంపింది. డబ్బా ఈలోపు వాళ్ళ ఇంట్లో ఫ్యాను కింద ఉంది.

నాగావళి_గట్టు · మే 20, రాత్రి 8:20

అమ్మోనియా 0.25. కానీ నైట్రైట్ కిట్ కూడా తెప్పించాను, అది వంకాయ రంగుకు వచ్చింది, 2 పీపీఎం. చేపల మొప్పలు ఎరుపు తగ్గి కొంచెం గోధుమ రంగులో ఉన్నట్టు అనిపిస్తోంది. భ్రమా?

మూడు_లాంతర్లు · మే 20, రాత్రి 8:47

భ్రమ కాకపోవచ్చు. నైట్రైట్ రక్తంలోకి వెళ్ళి ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పాడు చేస్తుంది, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకు అందదు. అయితే ఈ దశ వచ్చిందంటే మొదటి రకం బ్యాక్టీరియా పనిలోకి దిగిందన్నమాట, రెండో రకం ఎప్పుడూ కొంచెం ఆలస్యం. ఉప్పుకు ఇప్పుడు వేళయింది. ఉప్పులోని క్లోరైడ్, నైట్రైట్ మొప్పల్లోకి దూరే దారికి అడ్డం పడుతుంది. యాభై లీటర్లకు ఒక్క టీస్పూను ఉప్పు చాలు, గుప్పెళ్ళు వద్దు. మగ్గులో కరిగించి పొయ్యి. నీళ్ళు మార్చినప్పుడు, మార్చిన మేరకే మళ్ళీ ఉప్పు కలుపు. జియోలైట్ మూట ఎక్కడుంది?

నాగావళి_గట్టు · మే 20, రాత్రి 8:52

పెరట్లో తులసి కోట పక్కన ఎండుతోంది మేస్టారూ. దాని జోలికి పోను.

బొబ్బిలి_గుంటడు · మే 23, ఉదయం 10:05

మీరంతా ఇంత రాస్తుంటే నాకూ దురద పుట్టి స్నేహితుడి కిట్ అరువు తెచ్చి నా పదేళ్ళ ట్యాంకు చూశాను. పీహెచ్ 6. కిట్‌లో అంతకంటే కిందికి రంగే లేదు, అది ఇంకా తక్కువేమో. అమ్మోనియా 2. గప్పీలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. కిట్ తప్పా? ఏదైనా మంచిదే, పదేళ్ళయింది, రేపు ఆదివారం మొత్తం ఖాళీ చేసి బోరు నీళ్ళతో నింపుదామనుకుంటున్నాను.

మూడు_లాంతర్లు · మే 23, ఉదయం 10:11

ఆగు ఆగు. ముట్టుకోకు. ఆవిరైన మేరకు ఇన్నాళ్ళూ ఏ నీళ్ళు పోశావు?

బొబ్బిలి_గుంటడు · మే 23, ఉదయం 10:20

ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు మేస్టారూ, మేం తాగేవే. మంచివని.

మూడు_లాంతర్లు · మే 23, ఉదయం 10:58

అదీ సంగతి. అమ్మోనియాను నైట్రేట్ చేసేటప్పుడు బ్యాక్టీరియా నీళ్ళలోని క్షారాన్ని ఖర్చు చేస్తుంది. బోరు నీళ్ళలో అది కావలసినంత ఉంటుంది, నాగావళి వాళ్ళింటి తెల్ల చార అలాంటి నీళ్ళదే. నువ్వు తాగే ఆర్వో నీళ్ళలో దాదాపు ఉండదు. ఖర్చయిందేగానీ జమ కాలేదు, పీహెచ్ ఏళ్ళ తరబడి దిగుతూ వచ్చింది. అంత కిందికి దిగాక బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది, మొక్కలు తినగా మిగిలిన అమ్మోనియా పేరుకుంటుంది. ఆ పీహెచ్ దగ్గర అదంతా అమ్మోనియం రూపంలో ఉంది కాబట్టే నీ గప్పీలు హాయిగా తిరుగుతున్నాయి. దాని మీద 8 పీహెచ్ బోరు నీళ్ళు సగం పోశావనుకో, మిగిలిన సగంలో ఉన్న అమ్మోనియా గంటలోపు విషంగా మారుతుంది. పూర్తిగా ఖాళీ చేస్తే, 6లో ఉన్న చేపను ఒక్కసారి 8లో వేసినట్టవుతుంది, మట్టి కెలికితే వచ్చేది అదనం. పాత ట్యాంకుల్లో చేపలు కడిగిన మర్నాడే చచ్చేది ఇందుకే. నాగావళి ఇంట్లో కారణం వేరు, ఫలితం ఒకటే.

నువ్వు రోజుకో మగ్గు తీసి మగ్గు పొయ్యి. రెండు మూడు వారాలు. రెండ్రోజులకోసారి పీహెచ్ చూడు. మనీ ప్లాంట్ తీగ ఇంకో రెండు పెట్టు, అవి చేసే మేలు అవి చేస్తాయి.

బొబ్బిలి_గుంటడు · మే 23, ఉదయం 11:03

ఆదివారం ప్రోగ్రాం క్యాన్సిల్. కిట్ నేనే ఒకటి కొనుక్కుంటున్నాను, నవ్వకండి.

ఆమదాలవలస_ప్యాసింజర్ · మే 23, ఉదయం 11:04

కంపెనీలు భయపెట్టి అమ్మేశాయి పాపం.

నాగావళి_గట్టు · జూన్ 3, రాత్రి 9:00

వారం రోజులుగా అమ్మోనియా పసుపు దాటలేదు. నైట్రైట్ నాలుగు రోజుల నుంచి లేత నీలం, సున్నా. నైట్రేట్ 20. మూడు చేపలూ బతికే ఉన్నాయి, మొప్పలు మామూలు రంగుకు వచ్చాయి. నిన్న తీసిన ట్యాంకు నీళ్ళలోనే స్పాంజిని రెండుసార్లు మెల్లగా నొక్కి పెట్టేశాను, అంతే, కుళాయి దగ్గరకు వెళ్ళలేదు. ఆ మురికి నీళ్ళు అమ్మ మల్లె మొక్కకు పోసింది. స్విచ్ మీద అడ్డంగా ప్లాస్టర్ అంటించింది కూడా ఆవిడే, పనమ్మాయి తెలీక ఆపుతుందేమోనని. మోత లేకపోతే ఇప్పుడు మెలకువ వస్తోందిట.

గాజుపెట్టె అన్నా, మీరన్నది నిజమే, ఈ మూడింటికి కూడా యాభై లీటర్లు చాలవు, ఒకటి అప్పుడే అరచేతి పొడుగుంది. మా వరండాలో నీడ ఉంది. సిమెంటు గోలెం రెండు వందల లీటర్లది తెద్దామనుకుంటున్నాను. ఎండ తగలదు, గాలి మోటారు పెట్టుకోవచ్చు.

గాజుపెట్టె · జూన్ 3, రాత్రి 9:26

బ్రహ్మాండం. గాజు ట్యాంకు ఖాళీగా ఉంచకు, దాంట్లో నాలుగు గప్పీలు వేసుకో, మీవాడికి బొమ్మ కోట కనిపించాలి కదా. పాత స్పాంజి గోలెంలోకి మార్చు, ప్యాసింజర్ అన్న ఇచ్చిన ముక్క గాజు ట్యాంకులోనే ఉంచు. రెండూ ఖాళీ చేతులతో మొదలవ్వవు.

మూడు_లాంతర్లు · జూన్ 3, రాత్రి 9:40

కొత్త సిమెంటు సున్నం వదులుతుంది, పీహెచ్ 10 కూడా దాటుతుంది. ఇంతసేపూ 8 గురించే కదా కంగారుపడ్డాం. నిండా నీళ్ళు పోసి రెండు మూడు రోజులు ఉంచి పారబొయ్యి, అలా ఐదారుసార్లు. బోరు నీళ్ళ పీహెచ్ ఎంతో గోలెం నీళ్ళ పీహెచ్ అంత అయ్యాకే చేపలు. తొందరపడకు.

నాగావళి_గట్టు · జూన్ 12, ఉదయం 7:15

గోలెం వచ్చింది. మూడోసారి నింపాను. కిట్ గాజు గొట్టాల్లో ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో గోలెం నీళ్ళు పోసి పక్కపక్కన పెట్టి చూస్తున్నాం, గోలెంది ఇంకా ముదురుగానే ఉంది. మావాడు రోజూ పొద్దున్నే లేచి చుక్కలు వాడే వేస్తానంటున్నాడు. ఈ ఆదివారం నాలుగోసారి పారబోస్తాం.